లాడము లేని గుర్రము

గుర్రమును కొనబోవువారు మన ప్రాంతమున మొదట చూచునది సుడులు. నొసట సుడి యెట్లున్నది, మెడక్రింద నున్నదా, డొక్కలో నున్నదా అని వ్రేలు పెట్టి వెదకి, అది యజమానికి కలిసివచ్చునో రాదో తేల్చుకొందురు. పిమ్మట చెవులు, జూలు, తోక, నడక. కాలెత్తి పాదము అడుగుభాగమును చూచువాడు నూటికి ఒక్కడు. కాని గుర్రము నడచునది పాదములతో గాని సుడులతో గాదు. పాదము లేనిచో గుర్రమే లేదని ఆంగ్లేయులలో 18వ శతాబ్దినుండి ఒక నానుడి కలదు. నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఆ పాదమును గూర్చి. అందునను ఇనుప లాడము తగిలింపని వట్టి పాదమును గూర్చి. కర్నూలు, కడప సీమలలో దానికిని నేలకును నడచిన వ్యవహారమును గూర్చి. గుర్రపుడెక్క యనగానే నేటి పిల్లలకు చెరువును కప్పివేయు కలుపుమొక్క జ్ఞాపకము వచ్చుచున్నది. కనుక అసలు డెక్క యెట్టిదో ముందుగా రెండు మాటలు చెప్పవలసియున్నది.

గుర్రము ఒంటివ్రేలిమీద నడచు జంతువు. దాని గిట్ట మన గోరువంటిదే. చుట్టును గోడవలె నున్న గట్టిభాగము పైనుండి క్రిందికి నెలకు సెంటీమీటరుకంటె కొంచెము తక్కువగా పెరుగును. ముందుకాలి కొన పూర్తిగా క్రొత్తది కావలెనన్న ఇంచుమించు సంవత్సరము పట్టును. గోడకు లోపల అరిపాదము. దాని నడుమ మడమవైపునుండి ముందుకు చొచ్చుకొని వచ్చిన మెత్తని ముక్కోణపు కండ. ఈ ముక్కోణమునకు పెట్టిన పేర్లు విచిత్రముగా నుండును. ఆంగ్లేయులు దానిని కప్ప యందురు. సంస్కృత నిఘంటువులలో మండూక శబ్దమునకు గుర్రపు గిట్ట అడుగుభాగమను అర్థము కలదు. ప్రాచీన గ్రీకులకు మాత్రము అది చీలిన తోకగల వానకోయిలవలె కనబడినది. కప్పయనుడు, పక్షియనుడు, నేల తగిలినప్పుడెల్ల ఆ కండ నొక్కుకొని అదరును మ్రింగును.

ఈ గోడ పెరుగుచుండును, నేల దానిని అరగదీయుచుండును. రెండును సమముగా నున్నంతకాలము గుర్రమునకు ఏ పరికరముతోను పనిలేదు. కొండలలో స్వేచ్ఛగా తిరుగు గుర్రము రోజునకు అనేక మైళ్ళు నడచి తన గోళ్ళు తానే తీర్చుకొనును. మనుష్యుడు దానిని కట్టివేసినచో పెరుగుదల మిక్కుటమగును. బరువెత్తి రాళ్ళమీద పరుగెత్తించినచో అరుగుదల మిక్కుటమగును. గిట్టకు సంబంధించిన సమస్త పరికరములును ఈ రెంటి నడుమ తూకము తప్పినపుడు పుట్టినవే. అరుగుదలను ఆపుటకు లాడము, అరుగుదల చాలనిచోట దాని పని చేయుటకు ఆకురాయి.

ప్రాచీన గ్రీకులు గుర్రములకు మేకులు కొట్టి లాడములు వేయలేదు. క్రీ.పూ. 4వ శతాబ్దిలో జెనొఫోను అను సేనాని గుర్రపుస్వారిని గూర్చి వ్రాసిన చిన్న గ్రంథమున పాదసంరక్షణకు చెప్పిన ఉపాయము నేటికిని ముచ్చటగా నున్నది. చేతికి సరిపోవు పరిమాణము, సుమారు అరకిలో బరువు గల గుండ్రాళ్ళను నాలుగైదు బండ్లు తెచ్చి, శాల వెలుపల పోసి, చెదరకుండ చుట్టును అంచు కట్టవలెననియు, గుర్రమును మాలీసు చేయునపుడు దానిని ఆ రాళ్ళమీద నిలువబెట్టవలెననియు ఆయన చెప్పెను. ఈగలు వాలినపుడు గుర్రము కాళ్ళు విదలించును గదా; నిలిచియున్నను నడచినట్లే యగును. మంచి గిట్ట గట్టినేలపై తాళమువలె మ్రోగునని, చప్పుడును బట్టియే దాని గుణము తెలియుననియు ఆయన వ్రాసెను. రేడియోలో పనిచేయువాడనగుటచే ఈ మాట నాకు తక్కినవానికంటె ఎక్కువగా నచ్చినది.

రోమనులు అవసరమైనపుడు ఇనుముతోను, గడ్డితోను చేసిన తొడుగులను పాదములకు కట్టుచుండిరి. జపానులో గుర్రములకు వరిగడ్డితో అల్లిన చెప్పులు తొడుగుచుండిరి. అరిగినవి త్రోవలో పారవేసి క్రొత్తవి కట్టుట. మేకులతో బిగించు లాడము ఐరోపాలో 9, 10 శతాబ్దులనాటికి సాధారణమైనది. మన దేశమున లాడములు వేయు వృత్తి వాయవ్యదిశనుండి వచ్చిన ఆశ్వికసేనలతో వ్యాపించినది. నాల్ అనునది అరబీ మాట, పాదరక్ష యని యర్థము. దానిని బిగించువాడు నాల్‌బందు. మనము లాడమనియు, నాడాయనియు అనుచున్నాము.

13వ శతాబ్ది చివర మన తీరమునకు వచ్చిన మార్కోపోలో మోటుపల్లిని గూర్చియు, దాని నేలుచుండిన రాణిని గూర్చియు వ్రాసిన సంగతి శ్రోతలలో చాలమంది ఎరుగుదురు. అంతకంటె తక్కువగా తెలిసినది మాబారు, అనగా తమిళతీరమున గుర్రములను గూర్చి ఆయన చెప్పినది. హోర్ముజు, ఏడెను మొదలగు రేవులనుండి అరబ్బు వర్తకులు గుర్రములను తెత్తురు. అక్కడి రాజులు ఒక్కొక్కరు ఏటా రెండువేల గుర్రములను కొందురు. ఏడాది తిరుగునప్పటికి నూరు మిగులుట కష్టము. వానిని సాకుట వారికి తెలియదు, గిట్టలు చూచువాడు దేశములో లేడు. వర్తకులు తమ దేశమునుండి అట్టి పనివాడు ఇచ్చటికి రాకుండ జాగ్రత్తపడుదురు; ఏలయన గుర్రములు చచ్చినకొలది వారి బేరము పెరుగును. ఇది మార్కోపోలో వివరణము. అంకెలలో యాత్రికుని అతిశయోక్తి కొంత యుండవచ్చును గాని వ్యాపారపు కిటుకు మాత్రము నమ్మదగినదే. సరకు అమ్మి, సరకును నిలిపియుంచు విద్యను అమ్మకుండుట నేటికిని లోకమున నడచుచున్న పద్ధతి.

ఆయన చెప్పిన మరియొక విషయమున్నది. ఆ గుర్రములకు మాంసముతో వండిన అన్నము పెట్టుచుండిరట. మేలుజాతి గుర్రమునకు మేలుజాతి ఆడుగుర్రమునకు పుట్టిన పిల్లయు వంకరకాళ్ళతో స్వారికి పనికిరానిదగుచుండెనట. పిండిపదార్థము మితిమీరిన గుర్రమునకు గిట్టలోపలి పొరలు వాచి, గోడ ఎముకనుండి విడివడునని నేటి పశువైద్యులు చెప్పుచున్నారు. కనుక ఆ గుర్రములను కుంటిచేసినది పనివాని కొరత ఒక్కటియే కాదు, గిన్నెలోని మెతుకులును అని నా అభిప్రాయము. రాయలసీమ ఈ విషయమున అదృష్టము గలది. ఇక్కడ గుర్రమునకు దాణా యనగా ఉలవలు. ఇంగ్లీషులో ఉలవల పేరే గుర్రపు గింజలని. మెట్టచేని ఉలవలు, ఎండుగడ్డి, ఎడారికి దగ్గరి పొడినేల. అరబ్బు గుర్రము పుట్టినచోటికి ఇంతకంటె పోలిక గల సీమ దక్షిణదేశమున తక్కువ.

విజయనగర ప్రభువులకు గుర్రముపై నుండిన మక్కువ ప్రసిద్ధము. 1535 ప్రాంతమున వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజు ప్రకారము కృష్ణదేవరాయలు ఏటా పదమూడువేల హోర్ముజు గుర్రములను, వానితో దేశవాళీ గుర్రములను కొని, మేలైనవానిని తన శాలలకు ఉంచుకొని తక్కినవానిని నాయకులకు ఇచ్చుచుండెను. అంతకుముందు సాళువ నరసింహరాయలు బ్రతికినవానికిని చచ్చినవానికిని కూడ వెల యిచ్చి కొనెనట. ఓడలో చచ్చిన గుర్రపు తోక తెచ్చి చూపినచాలును, బ్రతికియున్న గుర్రపు వెల ముట్టుచుండెను! 1900లో రాబర్టు సూయలు ఆ వృత్తాంతమును ఆంగ్లమున ప్రకటించిన తరువాత ఈ తోక కథ మన చరిత్ర పుస్తకములన్నిటికి ఎక్కినది. తోకకు ఇంత వెల పెట్టిన ప్రభుత్వము పాదమునకు ఎంత వెచ్చించెనో ఆ వృత్తాంతమున లేదు. హంపిలోని హజారరామాలయపు ప్రాకారముపై గుర్రములను నడిపించుకొని పోవు అరబ్బులను శిల్పులు చెక్కిరి. శ్రీశైలపు ప్రాకారముపై ఏనుగులును గుర్రములును వరుసలు తీర్చినవి. జీనులు, కళ్ళెములు, పౌరుషము అన్నియు ఉన్నవి. పాదము దగ్గర కూర్చున్న మనుష్యుని నేను ఎంత వెదకినను అచ్చట చూడలేకపోతిని.

మనుమంచి భట్టు వంటి కవులు తెలుగున అశ్వశాస్త్రము వ్రాసిరి. సంస్కృతమున శాలిహోత్రుని పేర పెద్ద సంప్రదాయమే యున్నది. కాకతీయుల కాలమున సాహిణి యనునది సేనలో గొప్ప పదవి, జాయపసేనాని గజసాహిణి. శాస్త్రమునకును పదవికిని లోటులేదు. లోటు వచ్చినది రోజూ గిట్ట కడిగి, రాయి తీసి, అంచు రాచు మనుష్యుని జ్ఞాపకముంచుకొనుటలో.

జమ్మలమడుగునుండి గండికోటకు పోవు త్రోవ ఎరిగినవారికి నేను ఇకపై చెప్పునది సులభముగా బోధపడును. పదిహేను కిలోమీటర్ల లోపలనే నేల రెండు విధములుగా మారును. దిగువ నల్లరేగడి, దాని క్రింద సున్నపురాయి. ఎగువ ఎర్రమలపై గండికోట క్వార్ట్‌జైటు. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ రాతికి ఈ కోటపేరే పెట్టిరి. పెన్నానది దానిని కోసికొని పోయిన లోయ లోకప్రసిద్ధము. పెమ్మసానివారి తరువాత ఈ కోట మీర్ జుమ్లా వశమైనది. 1652లో వజ్రవర్తకుడు టావెర్నియే వచ్చి అతనిని దర్శించినది ఇక్కడనే. రేగడిలో వారము దినములు తిరిగిన గుర్రమునకు ఆ రాతిబాట యెక్కినంతనే అరిపాదము నొచ్చును. రాతిమీదనే పెరిగిన గుర్రమునకు రేగడి తడిసినపుడు గిట్టలోని గుంటలలో బురద ముద్దకట్టి కుళ్ళును. ఒక్క లాడముతో రెంటికిని పరిష్కారము లేదు.

ఈ మాట పుస్తకములలో చదివి చెప్పుట లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట కర్నూలు జిల్లాలోని ఒక సంతలో శబ్దగ్రహణమునకై పోయినపుడు వేపచెట్టు క్రింద ఎద్దులకు లాడములు వేయు ఒక వృద్ధుడు తారసిల్లెను. తాతలనాటినుండి అదే వృత్తి. పెండ్లి ఊరేగింపులకు బాడుగకిచ్చు ఒక తెల్లగుర్రమును అప్పుడే ఆయనయొద్దకు తెచ్చిరి. లాడము వేయుదురా యని అడిగితిని. ఆయన నవ్వి, "నేలను అడగల్ల సార్. లాడం ఏయల్లనో వద్దో అదే చెప్తాది" అనెను. పెండ్లిండ్లు లేని నెలలలో ఆ గుర్రము నిలిచియే యుండును. దానికి ఇనుమెందుకని ఆయన ప్రశ్న. "పని లేని గుర్రానికే మాకు పని ఎక్కువ" అనియు అనెను. నిలిచియున్న గుర్రపు గోడ పెరిగి ముందుకు సాగి, అంచు చిట్లునని దాని భావము.

ఆయన సంచిలోని సామాను నేలపై పరచి చూపెను. ఒక కొంకి, పాత బకెట్టు పిడిని కాల్చి, సుత్తితో కొట్టి, మొన మొద్దుచేసినది. కొడవలిమొనవలె లోనికి వంగిన చిన్న కత్తి. పెరిగిన గోడను కత్తిరించు పట్టకారు. జానెడున్నర ఆకురాయి, ఒకవైపు ముతక పండ్లు, మరియొకవైపు సన్నవి. కొబ్బరిపీచు కుంచె. వీనిలో కత్తియు పట్టకారును ఐదారు వారములకొకసారి వచ్చు పనివానివి. కొంకియు కుంచెయు యజమానివి. అవి ప్రతిదినము కావలెను. ఆకురాయి మాత్రము ఇరువురిదియు.

కొంకిని మడమవైపునుండి కొనవైపుకు లాగవలెను గాని తిరుగవేయరాదు. తిరుగవేసినచో నడుమనున్న మెత్తని కండలో గుచ్చుకొనును. దాని కిరుప్రక్కల గాడులలో ఇరుకుకొన్న గులకరాయిని ఒక పగలు ఉంచినచో సాయంకాలమునకు గుర్రము కుంటును. గాడినుండి నల్లని రసి కారి దుర్గంధము కొట్టినచో కుళ్ళు ప్రారంభమైనదని యర్థము. దానికి మొదటి మందు పొడినేల. పిమ్మట ఆకురాయి. చిట్లిన అంచును అడ్డముగా రాచి గుండ్రముచేయుదురు. పదునైన అంచు రాతికి తగిలి పెచ్చులూడును, గుండ్రని అంచు జారిపోవును. మట్టికుండ అంచును కుమ్మరి గుండ్రముచేయుటలోను ఇదే కారణము గదా. అరిపాదమును మాత్రము కత్తి తాకరాదని వృద్ధుడు గట్టిగా చెప్పెను. అందముగా కనబడుటకై దానిని చెక్కి పలుచన చేయువారు గుర్రమును "చెప్పులు లేకుండ ముండ్లల్లో ఇడిసినట్ల" చేయుచున్నారని ఆయన కోపము.

గిట్టగోడపై అడ్డముగా నున్న వలయములను ఆయన నా వ్రేలితో తడవించెను. మేత మారినపుడు, జ్వరము వచ్చినపుడు ఒక్కొక్క గీత పడును. చెట్టు అడ్డకోతలో ఏండ్లు చదివినట్లు గిట్టపై గడచిన నెలలు చదువవచ్చును. 1876 మొదలు 1878 వరకు కర్నూలు, కడప సీమలను తుడిచిపెట్టిన కరవులో బ్రతికి బయటపడిన పశువుల గిట్టలపై ఎట్టి గీతలు పడియుండునో యని ఆ క్షణమున నాకు తోచినది. అట్టి దస్తావేజును ఎవరును భద్రపరుపరు. అది నెలనెల అరిగి మట్టిలో కలియును.

లాడము ఖర్చు రాజ్యపు లెక్కలలోనికి ఎక్కిన సందర్భము ఒకటి కలదు. మరాఠాల పాలనలో ఆశ్వికులకు ముందుగా ఇచ్చు సొమ్మునకు నాల్‌బందీ యని పేరు. లాడముల కొఱకని మొదలై, గుర్రమును సిద్ధపరచుకొను ఖర్చంతటికిని ఆ పేరే నిలిచినది. 1677లో దక్షిణయాత్రకు వచ్చిన శివాజీ శ్రీశైలమును దర్శించెను. నల్లమల రాతిబాటలలో ఆ సొమ్ము వృథాపోయి యుండదు. కడపను మయానా నవాబులు, కర్నూలును పన్నీ నవాబులు ఏలిన కాలమున గుర్రమే బలము. 1800లో నిజాము ఈ మండలములను కుంపిణీకి దత్తముచేసెను. 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా నుండిన మన్రో గుడారములలో నివసించుచు ఊరూర తిరిగెను. తుదకు గవర్నరై, 1827 జూలైలో పత్తికొండయొద్ద కన్నుమూసినదియు అట్టి పర్యటనములోనే. 1839లో కుంపిణీవారు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖానుని పట్టుకొని సంస్థానమును కలుపుకొనిరి. కొలువు చెదరిన రౌతులతో పాటు వారి నాల్‌బందులును బ్రతుకుతెరువు వెదకికొనుచు పోయియుందురని ఊహించుట కష్టము కాదు.

వారిని ఆదుకొన్నది ఎద్దు. 19వ శతాబ్దిలో కంకర రోడ్లు పడినవి. చేనిలో లాడము లేక దున్నిన ఎద్దు కంకరపై బండి లాగలేకపోయెను. గుర్రపు గిట్ట ఒకటే. ఎద్దు గిట్ట రెండుగా చీలినది, కనుక ఒక్కొక్క పాదమునకు రెండు పలుచని రేకులు కావలెను. గుర్రము మూడుకాళ్ళపై నిలిచి ఒక కాలు పనివానికి ఇచ్చును. ఎద్దు ఇయ్యదు. దానిని త్రాళ్ళతో పడవేసి, నాలుగుకాళ్ళు కలిపి కట్టి మేకులు కొట్టుదురు. మన పల్లెలలో పెరిగినవారికి ఆ దృశ్యము, ఎద్దు నిట్టూర్పు, సుత్తి చప్పుడు మరపురానివి. కర్నూలులో నా చిన్ననాట స్టేషనునుండి జట్కాలు నడచుచుండెను. వాని గుర్రములన్నిటికిని లాడములే. తారురోడ్డుపై వట్టి పాదమునకు చోటులేదు.

గుర్రపులాడమునకు మన ఇండ్లలో మరియొక గౌరవము దక్కినది. అరిగి ఊడిపోయినది గడపకెక్కును. మొహరము పీర్లలో లాడపు ఆకారముగల నాల్‌సాహెబు పీరు దక్కనులో ప్రసిద్ధము. 1832లో హెర్‌క్లాట్సు ఆంగ్లమున ప్రకటించిన ముసల్మానుల ఆచారగ్రంథమున దాని ప్రస్తావన కలదు. ఆ గ్రంథమునకు మూలము సమకూర్చిన జాఫర్ షరీఫు మన ఏలూరువాడే.

ఇనుము లేని పాదమును గూర్చిన ఆలోచన మరల లేచినది దూరదేశమున. జైమీ జాక్సను అను అమెరికా దేశపు లాడకారుడు 1980 తరువాతి సంవత్సరములలో అచ్చటి గ్రేట్ బేసిన్ ఎడారిలో స్వేచ్ఛగా తిరుగు గుర్రముల పాదములను పరిశీలించి, 1992లో ఒక పుస్తకము వ్రాసెను. పొడినేలపై, రాళ్ళపై, దినమంతయు నడచు ఆ గుర్రముల గిట్టలు పొట్టిగా, గట్టిగా, అంచు గుండ్రముగా నుండుట ఆయన చూచెను. అప్పటినుండి లాడము వలదనువారికిని కావలెననువారికిని వివాదము సాగుచున్నది. బరువుపని, తారురోడ్డు ఉన్నచోట ఇనుము తప్పదను వాదమును నేను త్రోసిపుచ్చలేను. అయితే రాళ్ళు పరచి గుర్రమును నిలువబెట్టుమన్న జెనొఫోను, నేలను అడుగుమన్న మన సంతలోని వృద్ధుడు, ఎడారిలో నోటుపుస్తకము పట్టుకొని తిరిగిన జాక్సను ఒకచోట చేరినచో వారి మాటలలో పెద్ద తేడా రాదు. కడప జిల్లా ప్రొద్దుటూరులో ఇప్పుడు పశువైద్య కళాశాల యున్నది. అచ్చటి విద్యార్థులు ఒక్కపూట సంతకు వచ్చి ఆ సంచి సామానును చూచినచో బాగుండునని నా కోరిక.

ఆనాడు మేము గ్రహించిన శబ్దము నిడివి మూడు నిమిషములు. మొదట ఒక జట్కాగుర్రము లాడములతో రోడ్డుపై పోవును. టకటకమని కరకుగా వినబడును. పిమ్మట తెల్లగుర్రము వట్టికాళ్ళతో నాపరాళ్ళ అరుగువెంట నడచును. అది లోతైన చప్పుడు, జెనొఫోను చెప్పిన తాళము కాకున్నను మద్దెలకు దగ్గరగా నుండును. నడుమ ఒకచోట నడక ఆగిపోవును. ఏమైనదని వినువారు అనుకొనునంతలో కొంకి గీచిన సవ్వడి, దాని వెంట ఒక గులకరాయి నాపరాతిపై పడిన చప్పుడు వినవచ్చును. ఒక క్షణము తరువాత నడక మరల మొదలగును.